చిన్న అక్షరాలు చదివి యూనివర్సిటీని ఎంచుకున్నాను

బిజినెస్ డిగ్రీ చేయాలన్న నిర్ణయానికి నాకు పెద్దగా సమయం పట్టలేదు. లెక్కలంటే ఇష్టమే, జీవితమంతా లెక్కలతోనే గడపాలన్నంత ఇష్టం మాత్రం కాదు. అర్థశాస్త్రం పుస్తకం దొరికితే కింద పెట్టబుద్ధి కాదు. పదిమందిని కూడగట్టి ఒక పని నడిపించడం ఎంత బాగుంటుందో బడిలోనే తెలిసింది. చిక్కంతా ఎక్కడ చదవాలన్న దగ్గర వచ్చింది. నెలల తరబడి ఇంట్లో అదే మాట. ఆ వెతుకులాటలో తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. చేరిన యూనివర్సిటీ పేరు చెప్పను. నాకు సరిపడింది మీకూ సరిపడాలని లేదు. పైగా పేరు చెబితే మిగతాదంతా వదిలేసి దాన్నే పట్టుకుంటారు.

మా నాన్నది అన్నీ వరుసలో పెట్టుకునే స్వభావం. మొదట్లోనే ఒక కాగితం మీద పేర్లు రాసి నా ముందు పెట్టారు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పైన, మన ఐఐఎంలు వాటి కింద. "వచ్చేదీ రానిదీ తర్వాత, ముందు పైనుంచి చూసుకుంటూ రా అమ్మా" అన్నారు. అలాగే చూసుకుంటూ వచ్చాను. తీరా చూస్తే, ఆ పెద్ద పేర్లలో కొన్నిచోట్ల నేను చదవాలనుకున్న డిగ్రీయే లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1908లో మొదలైంది, కానీ అది ఎంబీఏ, డాక్టరేట్ చదివేవారికి. డిగ్రీ విద్యార్థులు హార్వర్డ్‌లో ఎకనామిక్స్ తీసుకోవచ్చు. బిజినెస్ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టుగా బిజినెస్, ఉండదు. స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూలు తన పేరులోనే గ్రాడ్యుయేట్ అని పెట్టుకుంది. కేంబ్రిడ్జ్‌లో మేనేజ్‌మెంట్ స్టడీస్ ఉన్నా, వేరే సబ్జెక్టుతో చేరి చివరి ఏడాదిలో దానికి మారాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్‌తో జంటగా మాత్రమే మేనేజ్‌మెంట్ దొరుకుతుంది. మరోవైపు పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 1881లో జోసెఫ్ వార్టన్ విరాళంతో ఏర్పడిన వార్టన్ స్కూలు డిగ్రీ స్థాయిలోనే విద్యార్థులను తీసుకుంటుంది. అయితే అక్కడ చదివినవారి పట్టా మీద బిజినెస్ అన్న మాటే కనిపించదు. బ్యాచిలర్ ఆఫ్ సైన్స్ ఇన్ ఎకనామిక్స్ అని ఉంటుంది.

నాన్న కాగితం అక్కడికే సగం కొట్టివేతలతో నిండింది. ఆయనకు కాస్త నిరుత్సాహం. నాకు మాత్రం ఒక సంగతి తేలిపోయింది. బిజినెస్ స్కూళ్ల పేరుప్రతిష్ఠల్లో ఎక్కువ భాగం ఎంబీఏ వల్ల వచ్చినవే. పత్రికల్లో వచ్చే బిజినెస్ స్కూళ్ల ర్యాంకులు కూడా ఎక్కువగా ఎంబీఏకో పీజీ కోర్సులకో ఇచ్చినవి. పదిహేడేళ్ల వయసులో చేరే పిల్లలకు అక్కడ ఏం చెబుతారో వాటిలో ఉండదు.

పోనీ యూనివర్సిటీ మొత్తానికి ఇచ్చే ర్యాంకులు చూద్దామని క్యూఎస్ పట్టిక కొలమానాలు తెరిచాను. 2024 సంచిక నుంచి వంద పాయింట్లలో 30 ఇతర అధ్యాపకుల అభిప్రాయానికి, 15 ఉద్యోగాలిచ్చే సంస్థల అభిప్రాయానికి ఇస్తున్నారు. అంటే నూటికి నలభై అయిదు వంతులు నలుగురూ ఏమనుకుంటున్నారన్నదే. మరో 20 పరిశోధన పత్రాలను ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారన్న దానికి. ఒక్కో అధ్యాపకుడికి ఎంతమంది విద్యార్థులన్న లెక్కకు మాత్రం 10. నాకు మొదటి ఏడాది అకౌంటింగ్ ఎవరు చెబుతారు, అర్థం కాకపోతే ఎవరిని అడగాలి అన్నవాటికి ఆ పట్టికలో చోటు లేదు. ర్యాంకులు పనికిమాలినవని నేను అనను. ఉద్యోగానికి వెళ్లినప్పుడు పేరు విలువ ఉంటుంది, కాదనలేం. కాకపోతే నలభయ్యో స్థానానికీ అరవయ్యో స్థానానికీ ఉన్న తేడా నా నాలుగేళ్ల చదువులో ఎక్కడ కనిపిస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ తర్వాత నాన్న గుర్తింపుల మీద పడ్డారు, అంటే బయటి సంస్థలు బిజినెస్ స్కూళ్లను పరిశీలించి ఇచ్చే అక్రెడిటేషన్లు: ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా. మూడు గుర్తింపులూ ఉన్న స్కూళ్లను 'ట్రిపుల్ క్రౌన్' అని గొప్పగా చెప్పుకుంటారు. ఏఏసీఎస్‌బీ అమెరికాలో 1916లో పుట్టిన సంస్థ. ఈక్విస్‌ను బ్రస్సెల్స్‌లోని ఈఎఫ్‌ఎండీ ఇస్తుంది. ఆంబా లండన్‌ది. మొదటి రెండూ స్కూలును మొత్తంగా పరిశీలిస్తాయి కాబట్టి డిగ్రీ విద్యార్థికీ అంతో ఇంతో పనికొస్తాయి. ఆంబా పరిశీలించేది ఎంబీఏ వంటి పైచదువుల కోర్సులను. కాబట్టి ఆ మూడో కిరీటం నా డిగ్రీ గురించి ఏమీ చెప్పదు. గుర్తింపు ఉందా లేదా అన్నది ఒక్కసారి చూసుకుని ముందుకు సాగాల్సిన విషయమని నాకనిపించింది. మోసపోకుండా కాపాడుతుంది, మంచి వాటిలో ఏది మంచిదో తేల్చదు.

ఇంతలో మా పెద్దమ్మ కూతురు వచ్చింది. అక్క అకౌంటెంటు. నా ముందున్న రంగురంగుల బ్రోషర్లు చూసి నవ్వింది. ఆ బ్రోషర్లలో పచ్చిక మీద కూర్చుని నవ్వేవాళ్లే తప్ప పరీక్షకు చదువుకునేవాళ్లు ఒక్కరూ కనిపించరు. "ఫొటోలు చూసింది చాలు, కోర్సు హ్యాండ్‌బుక్ తియ్యవే" అంది. రెండింటికీ తేడా ఏమిటని అడిగాను. "బ్రోషరు నిన్ను రమ్మనడానికి రాసింది. హ్యాండ్‌బుక్ నువ్వు చేరాక నీతో తగాదా వస్తే చూపించడానికి రాసింది. అందుకే అందులో అబద్ధాలు తక్కువ."

ఆ ఒక్క మాటతో నా వెతుకులాట దారి మారింది. చాలా యూనివర్సిటీలు హ్యాండ్‌బుక్‌నో, కోర్సుల కేటలాగునో అందరికీ అందుబాటులో ఉంచుతాయి. వెతకాలంతే, మొదటి పేజీలో పెట్టరు. ఏ ఏడాది ఏవి తప్పనిసరి, ఏవి ఐచ్ఛికం, దేనికెన్ని క్రెడిట్లు, మార్కులు ఎలా వేస్తారు, తప్పితే ఏమవుతుంది, ఒక స్పెషలైజేషన్ నుంచి మరోదానికి ఎప్పటిలోగా మారవచ్చు, అన్నీ ఉంటాయి. వందల పేజీలు. చదివేటప్పుడు నిద్ర వస్తుంది, నిజమే.

రెండు హ్యాండ్‌బుక్‌లను పక్కపక్కన పెట్టి మొదటి ఏడాది పేజీలు చూసిన సాయంత్రం బాగా గుర్తుంది. రెండు డిగ్రీల పేర్లూ దాదాపు ఒకటే. మొదటిదాంట్లో సూక్ష్మ అర్థశాస్త్రం, స్టాటిస్టిక్స్, ఫైనాన్షియల్ అకౌంటింగ్, గణితం, సంస్థల్లో మనుషుల ప్రవర్తన, ఒక రచన కోర్సు. రెండోదాంట్లో వ్యాపార పరిచయం, నాయకత్వ లక్షణాలు, వ్యక్తిత్వ వికాసం, బిజినెస్ కమ్యూనికేషన్, మూలన ఒక అకౌంటింగ్. స్టాటిస్టిక్స్ రెండో ఏడాదిలో, అదీ ఐచ్ఛికం. మొదటిదాంట్లో స్టాటిస్టిక్స్ పేజీ తెరిస్తే వందలో 60 చివరి పరీక్షకు, 25 వారంవారం ఇచ్చే లెక్కలకు, 15 డేటాతో చేసే ఒక చిన్న పనికి అని రాసి ఉంది. వారంవారం లెక్కలు దిద్ది ఇచ్చే చోట ఎవరో ఒకరు నా తప్పులు చూస్తారన్నమాట. ఆ పాతిక మార్కులు నాకు ర్యాంకు కంటే ఎక్కువ సమాచారం ఇచ్చాయి.

అక్క చూపించిన మరో కిటుకు ఇంకా పదునైనది. చివరి ఏడాది కోర్సుల కింద 'ముందుగా చదివి ఉండవలసినవి' అని చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. ఇన్వెస్ట్‌మెంట్ల కోర్సుకు కార్పొరేట్ ఫైనాన్స్, దానికి స్టాటిస్టిక్స్, అకౌంటింగ్ చదివి ఉండాలని రాస్తే చదువు మెట్టు మీద మెట్టు ఎక్కుతోందని అర్థం. చివరి ఏడాది కోర్సుకూ 'ఏమీ అవసరం లేదు' అని ఉంటే అది పేరుకే పై కోర్సు, మళ్లీ అఆల నుంచే. ఒకచోట చివరి ఏడాదిలో సగానికి పైగా కోర్సులు అలాగే ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టేశాను. అకౌంటింగ్ వైపు వెళ్లాలనుకునేవారికి అక్క ఇంకో ప్రశ్న చెప్పింది: ఈ డిగ్రీ చదివితే వృత్తి పరీక్షల్లో ఎన్ని పేపర్ల నుంచి మినహాయింపు? ఏసీసీఏ అనే అంతర్జాతీయ అకౌంటింగ్ అర్హతలో మొత్తం 13 పేపర్లుంటే, చదివిన డిగ్రీని బట్టి 9 దాకా మినహాయింపు దొరుకుతుంది.

ఇలా చదువుతూ చదువుతూ ఉండగా నాకు అసలు ప్రశ్న తట్టింది. ఈ యూనివర్సిటీ నన్ను ఎప్పుడు తేల్చుకోమంటుంది? మార్కెటింగా, ఫైనాన్సా, ఆపరేషన్సా, మానవ వనరులా, అకౌంటింగా అంటే ఆ వయసులో నా దగ్గర సమాధానం లేదు. నిజాయితీగా చెప్పాలంటే ఎవరి దగ్గరా ఉండదు. ఉందనేవాళ్లు ఇంట్లో ఎవరో చెప్పింది అప్పజెబుతారు. అలాంటప్పుడు దరఖాస్తు ఫారంలోనే స్పెషలైజేషన్ రాయమనే చోటికీ, రెండో ఏడాది చివర రాయమనే చోటికీ భూమ్యాకాశాల తేడా ఉంది. అప్పటి నుంచి అన్నింటినీ ఈ ఒక్క కొలతతోనే కొలిచాను.

దేశాన్ని బట్టి ఈ కొలత మారుతుంది. ఇంగ్లండ్‌లో డిగ్రీ మామూలుగా మూడేళ్లు. చేరే రోజునే సబ్జెక్టు దాదాపు ఖాయమవుతుంది. మధ్యలో ఒక ఏడాది సంస్థలో పనిచేసే ప్లేస్‌మెంట్ ఇయర్ తీసుకుంటే నాలుగు. అయితే ఆ పనిని వెతుక్కునే భారం చాలాచోట్ల విద్యార్థిదే, దొరక్కపోతే మామూలు మూడేళ్ల డిగ్రీకి మారిపోవాలి. ఇదీ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. స్కాట్లండ్‌లో నాలుగేళ్లు కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. యూరప్‌లో డిగ్రీలను ఒకే పద్ధతిలోకి తెచ్చిన 1999 బొలోన్యా ఒప్పందం తర్వాత ఏడాదికి 60 క్రెడిట్ల లెక్కన డిగ్రీకి 180 నుంచి 240 దాకా ఉంటాయి, మూడేళ్లవే ఎక్కువ. 1819లో పారిస్‌లో మొదలైన ఈఎస్‌సీపీ బిజినెస్ స్కూలులో మూడేళ్లు మూడు దేశాల్లో చదివే డిగ్రీ ఉంది. వినడానికి ఎంతో బాగుంది కానీ, ఏడాదికోసారి ఊరు మారుతూ చదివే ఓపిక నాకు లేదని ముందే తెలుసు.

అమెరికాలో నాలుగేళ్లు, బిజినెస్‌తో పాటు చరిత్ర, సైన్స్ వంటివీ చదవాలి. తేల్చుకోవడానికి కావలసినంత వ్యవధి. కానీ అక్కడ ఇంకో మెలిక ఉంది. కొన్నిచోట్ల యూనివర్సిటీలో సీటు వచ్చినంత మాత్రాన బిజినెస్ స్కూలులో సీటు వచ్చినట్టు కాదు. మొదటి రెండేళ్ల మార్కులతో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, అక్కడ తిరస్కరిస్తే వేరే సబ్జెక్టు చూసుకోవాలి. బర్క్‌లీలోని హాస్ స్కూలు చాలాకాలం అలాగే నడిచి, 2024 నుంచి నేరుగా నాలుగేళ్లకు తీసుకోవడం మొదలుపెట్టింది. అంటే ఆలస్యంగా తేల్చుకునే స్వేచ్ఛ వేరు, ఆలస్యంగా వచ్చే వడపోత వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదాంట్లో ఎంచుకునేది నేను, రెండోదాంట్లో వాళ్లు.

మన దేశంలో ఐఐఎం ఇండోర్ 2011లో మొదలుపెట్టిన అయిదేళ్ల సమీకృత కోర్సు గురించి ఇంట్లో గట్టి చర్చే జరిగింది. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎంబీఏ కలిసి వస్తాయి. అయిదేళ్లకు ఇప్పుడే మాట ఇవ్వడం నా కొలతకు పూర్తిగా ఎదురు. మూడేళ్ల తర్వాత డిగ్రీతో బయటికి రావచ్చన్న నిబంధన ఉండటం వల్ల దాన్ని జాబితాలో ఉంచాను. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత నాలుగేళ్ల డిగ్రీలు, మధ్యలో బయటికి వచ్చే వీలు కూడా వచ్చాయి. బీబీఏ వంటి కోర్సులు 2024-25 నుంచి సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. కాబట్టి ఇప్పుడు చూసేవారు ఆ అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

ఇక ప్లేస్‌మెంట్ నివేదికలు. ఇక్కడ చిన్న అక్షరాల పంట పండుతుంది. మొదటి వాక్యంలో పెద్ద అంకెల్లో సగటు జీతం. తొమ్మిది మందికి నాలుగేసి లక్షలు, ఒక్కరికి యాభై నాలుగు లక్షలు వస్తే సగటు తొమ్మిది. ఆ తొమ్మిది ఎవరికీ రాలేదు. నడిమి మనిషికి వచ్చింది నాలుగే, దాన్నే మధ్యగతం అంటారు. మధ్యగతం ఇవ్వని నివేదికను నేను చదవడం మానేశాను. ఇచ్చినా, అడుగున 'వివరాలు తెలియజేసినవారిలో' అని ఉంటుంది. తెలియజేసినవారు ఎందరు? ఉద్యోగం రానివారు సాధారణంగా వివరాలు పంపరు కదా.

నమ్మదగ్గ లెక్కలు యూనివర్సిటీ సొంత పుస్తకాల బయట దొరుకుతాయి. బ్రిటన్‌లో చదువు పూర్తయిన పదిహేను నెలలకు పట్టభద్రులందరినీ అడిగే సర్వే ఒకటి ఉంది, దాన్ని నడిపేది యూనివర్సిటీలు కాదు, జిస్క్ అనే లాభాపేక్ష లేని సంస్థ. అమెరికా ప్రభుత్వం తెచ్చిన కాలేజ్ స్కోర్‌కార్డులో కోర్సుల వారీగా మధ్యగత ఆదాయం చూడవచ్చు. కానీ అది ప్రభుత్వ ఆర్థిక సహాయం తీసుకున్నవారి లెక్క. బయటి దేశం నుంచి వెళ్లే నాలాంటివారు అందులో ఉండరు. మన దగ్గర కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థలు సమర్పించిన పట్టికలు వాటి వెబ్‌సైట్లలోనే ఉంటాయి. ర్యాంకు కంటే ఆ పట్టికలు విలువైనవి. మూడేళ్ల డిగ్రీ, నాలుగేళ్ల డిగ్రీ, పీజీ దేనికది విడివిడిగా, ఎందరు చేరారు, ఎందరు సకాలంలో పూర్తిచేశారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యగత జీతం, ఎందరు పైచదువులకు వెళ్లారు అని వరుసగా ఉంటుంది. ఒక సంస్థ బ్రోషర్‌లో చూపిన జీతం పీజీ వరుసలోదని, డిగ్రీ వరుసలో దాని దరిదాపుల్లో కూడా లేదని నేనే పట్టుకున్నాను. ఆ రోజు అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

హ్యాండ్‌బుక్ చెప్పనివి కొన్ని ఉంటాయి. ఐచ్ఛిక కోర్సుల జాబితా చాంతాడంత ఉంటుంది, కింద 'తగినంతమంది చేరితేనే' అని ఉంటుంది. గత రెండేళ్లలో వాటిలో నిజంగా నడిచినవి ఏవి అని కొన్ని కార్యాలయాలకు రాశాను. ఒకరు కోర్సుల వారీగా విద్యార్థుల సంఖ్యతో సహా పంపారు. మరొకరు నా ప్రశ్నకు జవాబుగా మళ్లీ అదే బ్రోషర్ పంపారు. అదీ ఒక రకమైన జవాబే.

చదువుతున్నవారితో మాట్లాడేటప్పుడు బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. అందుకని పోయిన వారం ఏమేం చేశారో చెప్పమనేదాన్ని. అప్పుడు నిజం బయటికి వచ్చేది. ఒక మూడో ఏడాది విద్యార్థి తన వారమంతా బృంద ప్రాజెక్టులతోనే గడిచిందని, ఒక బృందంలో ఒకరు పత్తా లేకపోతే మిగతావారు ఆ పని పంచుకున్నారని చెప్పాడు. బిజినెస్ డిగ్రీలో ఇది తప్పదు. కానీ మార్కుల్లో ఎంత భాగం బృందానికి, ఎంత భాగం సొంత పనికి అన్నది చోటును బట్టి చాలా మారుతుంది. బృందంలో ఒకరినొకరు మార్కులు వేసుకునే పద్ధతి ఉందా అని కూడా అడగండి.

దరఖాస్తుల తంతు గురించి ఎక్కువ చెప్పను. బ్రిటన్‌కు యూకాస్ ద్వారా అయిదు కోర్సుల దాకా ఎంచుకోవచ్చు, అన్నింటికీ ఒకే వ్యాసం వెళ్తుంది. నా తర్వాత, 2026 ప్రవేశాల నుంచి, దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. అమెరికా కామన్ యాప్‌లో ఇరవై దాకా చేర్చుకోవచ్చు, కానీ ఒక్కోచోట అదనపు వ్యాసాలు అడుగుతారు కాబట్టి అన్ని పెట్టడం తెలివైన పని కాదు. వస్తే చేరి తీరాలన్న ఎర్లీ డెసిషన్ పద్ధతి జోలికి వెళ్లలేదు. ఎవరు ఎంత స్కాలర్‌షిప్ ఇస్తారో పోల్చుకోకుండా మాట ఇచ్చే స్తోమత మాకు లేదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పేరున్నది, చేరేటప్పుడే ఫైనాన్స్ అని రాసి చేరాలి, మారడానికి దాదాపు వీల్లేదు. రెండోది అంత పేరు లేనిది, రెండో ఏడాది చివర ఎంచుకోమంటుంది, మొదటి ఏడాది లెక్కలూ స్టాటిస్టిక్స్ గట్టిగా చెబుతుంది. నేను రెండోదాని వైపు. నాన్న సహజంగానే మొదటిదాని వైపు. వాదించుకోలేదు, హ్యాండ్‌బుక్ ఆయన చేతిలో పెట్టాను. రాత్రంతా పెన్సిలుతో చదివి, పొద్దున్నే "ఇది చూశావా అమ్మా?" అని ఒక పేజీ చూపించారు. ఒక మేజర్‌కు డిమాండు ఎక్కువైతే మార్కుల వరుసలో సీట్లు ఇస్తారని ఉంది. అంటే నేను భయపడిన వడపోతే. వెంటనే కార్యాలయానికి రాశాం. ఆ పరిమితి ఒక్క మేజర్‌కే వర్తిస్తుందని, గత సంవత్సరాల్లో అడిగినవారందరికీ సీటు దొరికిందని జవాబు వచ్చింది. ఆ జవాబును నాన్న ప్రింటు తీసి ఫైల్లో పెట్టారు. ఆ తర్వాత పేరు గురించి ఆయన మాట్లాడలేదు.

గడువుల విషయంలో మాత్రం కాస్త ఉక్కిరిబిక్కిరయ్యాం. అమెరికాలో చాలా యూనివర్సిటీలకు మే 1లోగా జవాబివ్వాలి, వేరేచోట్ల ఫలితాలు అప్పటికి రావు. డిపాజిట్ కడితే తిరిగి ఇస్తారో లేదో ఆఫర్ లేఖ చివరి పేజీలో ఉంటుంది, చదివాకే కట్టండి. మేం ఒక్కచోటే కట్టాం. పేరున్న చోటికి రావడం లేదని తెలియజేసినప్పుడు వారు కారణం అడుగుతూ ఒక ఫారం పంపారు. ఫీజు, దూరం, ర్యాంకు, వసతి అని గళ్లున్నాయి. నా కారణానికి గడి లేదు. 'ఇతరములు' అన్న దానికి టిక్కు పెట్టి, పక్కన 'మేజర్ ఎంచుకునే గడువు' అని రాసి పంపాను.